ధనమిచ్చువారు ధర్మమడుగుట

మనుష్యులపై శోధనలు చేయుటకై ప్రభుత్వద్రవ్యమును కోరువారు ముందుగా ధర్మసమీక్షాసంఘమునకు తమ పద్ధతిని నివేదింపవలయునను నియమము నేఁడు పెక్కు దేశములలో సామాన్యమైనది. ఇది వైద్యుల కరుణవలనఁ దానుగాఁ బుట్టినదని తలంచువారు కలరు. చరిత్ర యట్లు చెప్పదు.

అమెరికాలో అలబామా రాష్ట్రమందలి మేకన్ కౌంటీలో 1932వ సంవత్సరమున ప్రభుత్వ ప్రజారోగ్యశాఖవారు, సిఫిలిస్ వ్యాధి చికిత్స లేక విడిచినచో నెట్లు ముదురునో చూడనెంచి, సుమారు 600 మంది నల్లజాతి పురుషులను చేర్చుకొనిరి. వారిలో 399 మందికి ఆ వ్యాధి కలదు. పలువురు పాలునకు సేద్యము చేసికొను నిరుపేదలు. వారితో రోగము పేరైనఁ జెప్పక, రక్తము చెడినదని మాత్రము చెప్పిరి. భోజనము పెట్టిరి, చనిపోయినచో ఖననవ్యయ మిత్తుమనిరి. అదియు నూరక కాదు, శవమును కోసి చూచుటకు బంధువు లంగీకరించినచోనే! 1947 నాఁటికి పెన్సిలిన్ సిద్ధౌషధమైనను వారి కందనీయలేదు.

వింతయేమన, 1966 ఫిబ్రవరిలో నీ శాఖాధిపతియే యగు విలియం స్టూవర్టు, తమవద్ద ధనము పుచ్చుకొను సంస్థలు మనుష్యులపైఁ జేయు శోధనలను ముందుగా నొక సంఘముచేఁ బరిశీలింపఁజేయవలెనని శాసించెను. పరులకు నియమము విధించిన శాఖ తన యింటి శోధనను మానలేదు. 1969లో వైద్యుల సంఘమొకటి దానిని విచారించి, కొనసాగింపవచ్చుననియే తేల్చెను. కావున సమీక్ష జరుగలేదనుటకు వీలులేదు. ఆ సభలో రోగులకుఁ జోటు లేదు, అంతియే. 1972లో పత్రికలు బయటఁబెట్టఁగా నది నిలిచెను. 1974లో చట్టము వచ్చెను.

మనదేశమున భారత వైద్య పరిశోధనా మండలివారు 2000వ సంవత్సరముననే విపులమైన సూత్రములు ప్రకటించిరి. అయినను 2009లో, నాఁటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో, గర్భాశయముఖ కాన్సరు రాకుండుటకై 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకాలు వేయు పని యొకటి విదేశసంస్థ ధనముతో జరిగెను. దానికి శోధన యను పేరు పెట్టలేదు. పేరు పెట్టనిచోఁ బని మాఱునా యని మాకు సందేహము. కొందఱు బాలికలు మరణింపఁగా 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపిరి. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలోఁ దేలలేదు. తేలినది వేఱు. పరిశీలించిన 9,543 అనుమతి పత్రములలో 1,948 వేలిముద్రలతో నుండెను. 2,763 పత్రములపై సంతకము చేసినవారు తల్లులు కారు, తండ్రులు కారు, వసతిగృహపు వార్డెనులు. అట్లు చేయవచ్చునని వారికి ప్రభుత్వపు టుత్తరువే యుండెను.