పీడనం కొలతలు: పాదరసం నుంచి పాస్కల్ దాకా

పీడనం కొలమానాల చరిత్ర రాసేవారు ఎక్కువగా 1971 దగ్గర ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఏడాది తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ పాస్కల్ పేరును ఆమోదించింది, దాంతో గందరగోళం తీరిపోయిందంటారు. తేదీ నిజమే. అసలు ముడి మాత్రం అంతకు అరవై ఏళ్ల ముందే వదులైంది, అదీ వాతావరణ శాస్త్రజ్ఞుల చేతుల్లో.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1640లలో ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లి గాజు గొట్టంలో పాదరసాన్ని నిలబెట్టాడు. 1648లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ బావ పెరియే కొండెక్కి, పైకి పోయేకొద్దీ ఆ మట్టం దిగుతుందని చూపాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలు పీడనమంటే పాదరసం ఎత్తే. ఫ్రాన్సులో మిల్లీమీటర్లు, ఇంగ్లండులో అంగుళాలు.

అంగుళాలను 25.4తో గుణిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కు గుణకారంలో లేదు. పాదరసం వేడికి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఇత్తడి స్కేలు 760 మిల్లీమీటర్లు చూపితే, సున్నా డిగ్రీలకు సవరించాక మిగిలేది సుమారు 756.3. పైగా గురుత్వాకర్షణ ఊరూరికీ కొద్దిగా మారుతుంది. ఈ సవరణలు చేయని అంకెను ఎంత కచ్చితంగా మార్చినా తప్పే మిగులుతుంది.

నార్వే శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్‌కు ఈ ఇబ్బంది బాగా తగిలింది. గాలి కదలికలను సమీకరణాలతో ముందే లెక్కగట్టాలని ఆయన పట్టుదల. సమీకరణాలకు కావలసింది బలం, పాదరసం పొడవు కాదు. అందుకే 1909 ప్రాంతంలో బలం ఆధారంగా కొలిచే మిల్లీబార్‌ను ముందుకు తెచ్చాడు. 1914లో బ్రిటన్ వాతావరణ శాఖ అధిపతి నేపియర్ షా దాన్ని ఆ దేశపు రోజువారీ వాతావరణ నివేదికలోకి ఎక్కించాడు. దారి సాఫీగా ఏమీ లేదు. కొందరు రసాయన శాస్త్రజ్ఞుల దృష్టిలో బార్ అంటే చదరపు సెంటీమీటరుకు ఒక డైన్. వాతావరణ శాస్త్రజ్ఞుల బార్ దానికి పది లక్షల రెట్లు. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు మెకాడీ అయితే మిల్లీబార్‌నే కిలోబార్ అనేవాడు! అయినా పీడనాన్ని బలంగా చెప్పే పద్ధతి నిలబడింది. 1954లో ప్రామాణిక వాతావరణ పీడనాన్ని చదరపు సెంటీమీటరుకు 10,13,250 డైన్‌లుగా నిర్వచించి, పాదరసాన్ని ఆ నిర్వచనం నుంచి తప్పించారు. 1986లో మిల్లీబార్ హెక్టోపాస్కల్‌గా మారినప్పుడు, రెండూ ఒకే పరిమాణం కాబట్టి, తుఫాను బులెటిన్లలో ఒక్క అంకె కూడా మార్చాల్సిన పని పడలేదు. ఆ సుఖం బ్యెర్క్‌నెస్ పెట్టిన భిక్షే.

వైద్యులు ఇప్పటికీ 120/80 అంటున్నారని, 16/10.7 కిలోపాస్కల్స్ అనడం లేదని తప్పుపట్టేవారున్నారు. ఆ విమర్శ సబబు కాదు. పాదరసం పరికరాలు ఆసుపత్రుల నుంచి వెళ్లిపోతున్నా రోగుల పాత చీటీలు, చికిత్స హద్దులు అన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. వాటిని మార్చబోతే ప్రమాదమే తప్ప లాభం లేదు.

అసలు ఆందోళన పడాల్సింది సున్నా గురించి. పెట్రోలు బంకులో టైరుకు ముప్పై రెండు పెట్టమంటే అది వాతావరణ పీడనానికి పైన ఉన్న 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పరమ పీడనం సముద్ర మట్టం దగ్గర సుమారు 46.7. ఫోనులోని కన్వర్టర్ 32ను క్షణంలో 220 కిలోపాస్కల్స్ చేస్తుంది, అది ఏ సున్నా నుంచి లెక్కించిన అంకె అని మాత్రం అడగదు. అదే గాలిని ఉష్ణోగ్రత మారకుండా సగం ఘనపరిమాణానికి నొక్కితే గేజ్ 64 చూపుతుందని విద్యార్థి బాయిల్ నియమంతో లెక్క కడతాడు. రెట్టింపయ్యేది పరమ పీడనం కాబట్టి గేజ్ చూపేది దాదాపు 78.7.