రెండు గీతలు గోడ అయిన కథ

సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లకి రెవిట్, ఆర్కిక్యాడ్ పేర్లు కొత్త కాదు. అమీర్‌పేట వెళ్తే కోచింగ్ బోర్డుల మీదే కనిపిస్తాయి. వీటి వెనకున్న పద్ధతిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు, పొట్టిగా బిమ్. ఈ ఎపిసోడ్ దాని చరిత్ర.

ముందు సమస్య చూద్దాం. ఒక బిల్డింగ్‌కి ప్లాన్ ఉంటుంది, ఎలివేషన్ ఉంటుంది, సెక్షన్ ఉంటుంది, తలుపులు కిటికీల లిస్టు వేరే. ఓనర్ వచ్చి "ఈ కిటికీ కొంచెం అటు జరపండి" అన్నాడనుకోండి, అన్ని చోట్లా దిద్దాలి. ఒకటి మర్చిపోతే? సైట్‌లో మేస్త్రీ తన చేతిలో ఉన్న కాగితం చూసే కడతాడు కదా. 1982లో ఆటోక్యాడ్ వచ్చినా ఈ బాధ పోలేదు. గీతలు కాగితం మీంచి స్క్రీన్ మీదకి వచ్చాయి, అంతే. అది గోడ అని కంప్యూటర్‌కి తెలీదు. దానికి తెలిసింది రెండు గీతలు.

విచిత్రం ఏంటంటే, మందు అంతకుముందే దొరికింది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ చక్ ఈస్ట్‌మన్, 1975లో అక్కడి ఆర్కిటెక్టుల సంఘం పత్రికలో ఒక వ్యాసం రాశాడు. బొమ్మలు గీయడం మానేసి బిల్డింగ్‌నే కంప్యూటర్‌లో పెడదాం అన్నాడు. మార్పు ఒక్కసారి చేస్తే చాలు, ఏ డ్రాయింగ్ కావాలన్నా అందులోంచే తీసుకోవచ్చు. కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: డేటా ఒక్కచోటే ఉండాలి, మిగతావన్నీ దాన్ని చూపించే తెరలు. కానీ ఆయన ప్రోగ్రామ్ నడిచింది పీడీపీ-10 మీద. ఒక గదిని ఆక్రమించే మెషిన్ అది. మామూలు ఆర్కిటెక్ట్ ఆఫీసు ఎక్కడ కొంటుంది?

ఇక్కడ కథ హంగేరీకి వెళ్తుంది. చరిత్రని రెవిట్ దగ్గర మొదలుపెట్టేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు, నాకు అదే చిరాకు.

కమ్యూనిస్టు పాలనలో ఉన్నా, 1982లో హంగేరీ చిన్న ప్రైవేట్ వ్యాపారాలకి కొంత దారి వదిలింది. గాబొర్ బోయార్ అనే ఫిజిక్స్ చదివిన ఆయన ఇంకొకరితో కలిసి బుడాపెస్ట్‌లో గ్రాఫిసాఫ్ట్ మొదలుపెట్టాడు. చేతికొచ్చిన తొలి పెద్ద పని పాక్ష్ అణు విద్యుత్ కేంద్రం పైపులు. ఇరుకు జాగాలో లెక్కలేనన్ని పైపులు, ఒకదానికొకటి తగలకూడదు. ఇలాంటి ప్లాంట్లకి అప్పట్లో ప్లాస్టిక్ నమూనాలు కట్టి చూసుకునేవాళ్లు. వీళ్లు దాన్ని త్రీడీలో లెక్కకట్టారు.

మంచి కంప్యూటర్లు ఏవి? కమ్యూనిస్టు దేశాలకి వాటిని అమ్మనివ్వకుండా పాశ్చాత్య దేశాలు ఆంక్షలు పెట్టాయి. బోయార్ భార్య నగలు తాకట్టు పెట్టాడని, ఆపిల్ మెషిన్లని సరిహద్దు దాటించి చాటుగా తెప్పించాడని చెప్తారు. (బంగారం తాకట్టు పెట్టి స్టార్టప్ అంటే మనకేం కొత్త కాదులెండి.) ఉన్న మెషిన్లు బలహీనం కాబట్టి కోడ్ పొదుపుగా రాయక తప్పలేదు. అదే కలిసొచ్చింది. త్రీడీ అంటే ఖరీదైన వర్క్‌స్టేషన్లు కావాలని మిగతావాళ్లు అనుకుంటున్నప్పుడు, వీళ్ల ప్రోగ్రామ్ టేబుల్ మీద పెట్టే కంప్యూటర్‌లో నడిచింది. 1984లో ఆపిల్ లీసా కోసం రాడార్ సీహెచ్ పేరుతో బయటికొచ్చింది. అదే తర్వాత ఆర్కిక్యాడ్. అందులో గోడ అంటే గోడే. దానికి మందం ఉంటుంది, ఎత్తు ఉంటుంది, కిటికీ పెడితే కన్నం దానంతటదే పడుతుంది.

ఆ తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తా. 2000లో అమెరికాలో రెవిట్ వచ్చింది. 2002లో ఆటోడెస్క్ దాన్ని 13.3 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆటోక్యాడ్ అమ్మే కంపెనీయే, గీతలు మానేయమనే సాఫ్ట్‌వేర్‌ని కొనుక్కుందన్నమాట! 2016 నుంచి బ్రిటన్ కేంద్ర ప్రభుత్వం తన ప్రాజెక్టులకి బిమ్ తప్పనిసరి చేసింది. ఇవాళ హైదరాబాద్‌లో కూర్చుని వేరే దేశాల బిల్డింగులకి మోడల్స్ చేస్తున్న ఇంజినీర్లు చాలామందే ఉన్నారు. పైపు వెళ్లి బీమ్‌కి తగులుతోందా అని వాళ్లు రోజూ చూసేది, పాక్ష్‌లో బోయార్ వాళ్లు చూసిందే.

బుడాపెస్ట్ ఎప్పుడైనా వెళ్తే గ్రాఫిసాఫ్ట్ పార్క్ చూడండి. డాన్యూబ్ ఒడ్డున, పాత గ్యాస్ ఫ్యాక్టరీ స్థలం. 2011లో బోయార్ అక్కడ స్టీవ్ జాబ్స్ కంచు విగ్రహం పెట్టించాడు.