తాళపుచెవి పట్టిన ఉపాధ్యాయుడు

పరుల చేతికి పోయిన పుస్తకము తిరిగి రాదను సామెత మనవారికి గలదు. పాఠశాలల గ్రంథాలయములు చిరకాలము ఈ సామెత నీడనే బ్రదికినవి. బీరువాకు తాళము, తాళపుచెవి గుమాస్తా యొద్దనో, పనిభారముచే విసిగిన యుపాధ్యాయుని యొద్దనో యుండును. పుస్తకము పోయినచో జవాబుదారి యాతడే. ఇక తలుపు తెరచు సాహస మెవ్వనికి? జమాబందీనాడు లెక్క సరిపోవుటయే ఘనత గదా!

ఈ కట్టు సడలించినవారిలో అగ్రగణ్యుడు ఉపాధ్యాయుడే యగుట విశేషము. తంజావూరు మండలమున 1892లో జన్మించిన శియాలి రామామృత రంగనాథన్‌గారు చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిరి. 1924లో వారికి విశ్వవిద్యాలయ గ్రంథపాలక పదవి లభించెను. జీతము హెచ్చు, పని శూన్యము. చదువరులు రాని యా నిశ్శబ్దమును కొలది దినములైన సహింపలేక, తరగతికి తిరిగి పిలిపింపుడని కళాశాలాధ్యక్షుని వేడుకొనిరి. ముందు ఇంగ్లండు పోయి ఆ విద్య నేర్చి రమ్మనియు, అప్పటికిని మనసు పట్టనిచో చూతమనియు ఆయన నచ్చజెప్పెను.

లండనులో బెర్విక్ సేయర్సుగారి యొద్ద శిక్షణ పొంది, పెక్కు గ్రంథాలయములను దర్శించిరి. పిల్లలు మొదలు పెద్దలవరకు అన్ని తరగతుల జనులును పుస్తకములు గొనిపోవుట చూచిన పిమ్మట, ఇదియును బోధనమే యని వారికి దృఢపడెను. 1925లో తిరిగివచ్చి, చదువరులు స్వయముగా అరల యొద్దకు పోయి పుస్తక మెన్నుకొను నేర్పాటు గావించిరి. 1928లో చెన్నపురి గ్రంథాలయ సంఘము వెలసెను. 1931లో ప్రకటించిన పంచసూత్రములలో మొదటిది, పుస్తకములున్నది వాడుకకే యని. 1942లో పాఠశాలా కళాశాలా గ్రంథాలయములను గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమే వ్రాసిరి. వారి కృషిఫలమగు 1948 నాటి గ్రంథాలయ శాసనము ఆ రాష్ట్రముననే యున్న ఆంధ్ర జిల్లాలకును వర్తించెను.

అయినను బడులలోని బీరువాలు వెంటనే తెరచుకొనలేదు. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతను పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘము, పుస్తకములయందు ప్రీతి లేనివారి చేతిలో పాఠశాలా గ్రంథాలయములు నిరుపయోగములైనవని స్పష్టముగా వ్రాసెను. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు కావలెననియు, ఉపాధ్యాయులెల్లరకు ఈ విద్యలో కొంత పరిచయ ముండవలెననియు సూచించెను.

అది యుక్తమే. ఏ బాలుడు కథకు లొంగునో, ఎవడు భూగోళపు పటములయందు మునుగునో తరగతిలో కనిపెట్టగలవాడు ఉపాధ్యాయుడు. కాని పోయిన పుస్తకమునకు జీతములో కోత పెట్టుదుమని భయపెట్టినచో నాతడేమి చేయును? తనిఖీకి వచ్చినవారు పోయిన పుస్తకముల పట్టికతోపాటు, చేతులు మారి నలిగిన పుస్తకముల పట్టికను గూడ అడిగినచో, ఆ బీరువా తలుపు తెరచియే యుండును.