ఓరుగల్లు చెరువుల నాటు చేపలు

వరంగల్ నగరం ఏ పెద్ద నది ఒడ్డునా లేదు. కృష్ణకూ గోదావరికీ నీళ్లు పంచే మిట్ట మీద ఉంది. నర్సంపేట అవతలి పాకాల చెరువులో మొదలయ్యే మున్నేరు దక్షిణానికి పారి కృష్ణలో కలుస్తుంది. ములుగు అడవుల్లోని రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు మాత్రం వాగుల మీదుగా గోదావరికి చేరతాయి. ఒకే కాకతీయ రాజ్యంలో, దాదాపు ఒకే కాలంలో కట్టిన చెరువులే అయినా వాటిలోకి చేపలు ఎక్కివచ్చిన దారులు రెండు.

చెరువులు లేని రోజుల్లో ఈ నేల మీద చేపకు బతుకు కష్టమే. వాగులు వానాకాలంలో పొంగుతాయి, ఎండాకాలానికి ఇసుక తేలతాయి. అక్కడక్కడా మిగిలే మడుగుల్లో ఇరుక్కుని మళ్లీ వాన పడేదాకా ఓర్చుకోగల జాతులే నిలిచాయి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలికం ఆ కోవకు చెందినవి. ఇవన్నీ నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. వీటితోపాటు జెల్లలు, వాలుగ, బొమ్మిడాయిలు, వెండి ముక్కల్లా మెరిసే రకరకాల పరకలు ఉండేవి.

కాకతీయులు ఇంకా కల్యాణి చాళుక్యుల సామంతులుగా హనుమకొండను ఏలుతున్న కాలంలోనే ఆ చక్రవర్తుల కొలువులో చేపల మీద ఒక శాస్త్రం పుట్టింది. మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో కూర్చిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అనే భాగం ఉంది. రాజు వినోదం కోసం గాలం వేయడం అందులోని విషయం. అయినా పొలుసున్న చేపలేవి, తోలు చేపలేవి, నదిలోవేవి, సముద్రంలోవేవి, దేనికి ఏ ఎర నచ్చుతుంది అనే వివరాలు ఓపిగ్గా రాసి పెట్టారు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు నాయకత్వం వహించిన సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగాన్ని ఆధునిక మత్స్యశాస్త్రం వెలుగులో పరిశీలించి వ్యాసం రాశారు. దక్కన్ చేపల గురించి ఇంత పాత రాత దొరకడం అరుదు.

కాకతీయ గణపతిదేవుడి పాలన (1199–1262) చెరువుల కాలం. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడితోపాటు చెరువునూ కట్టించాడు. పాకాల కట్ట జగదాళ ముమ్మడి పేరుతో శాసనానికెక్కింది. రెండు గుట్టల మధ్య సందు చూసి కట్ట వేయడం, తూము పెట్టడం, ఎక్కువైన నీరు పోవడానికి మత్తడి వదలడం, ఆ నీళ్లు కింది ఊరి చెరువులో పడేలా చూడడం వీరి పద్ధతి. ఈ గొలుసుకట్టును వ్యవసాయం కోసమే కట్టారు. చేపల ఆలోచన ఎవరికీ ఉండి ఉండదు. కానీ దాని వల్ల ఎక్కువ మేలు పొందిన ప్రాణుల్లో చేప ఒకటి. ఎండాకాలంలో కూడా లోతు నీళ్లు దొరికే చోటు ఏర్పడింది, వానాకాలంలో ఒక చెరువు నుంచి మరొక చెరువుకు దారి ఏర్పడింది.

ఆ దారి తొలకరికి తెరుచుకుంటుంది. ఒర్రెల్లోంచి కొత్త నీరు వచ్చి పడగానే చెరువులోని చేపలు ఆ నీటికి ఎదురెక్కుతాయి. మత్తడి దుంకినప్పుడు కింది చెరువు చేపలు కూడా పైకి ఎగబాకడానికి చూస్తాయి. మునిగిన గడ్డి, వరి మళ్లు, పల్చటి నీటి అంచులు వాటికి గుడ్లు పెట్టే చోట్లు. కొర్రమీను జంట కలుపుమొక్కల మధ్య గూడులా చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి మీద తేలుతుంటే పెద్ద చేపలు కిందే ఉండి కాస్తాయి. ఎండాకాలం నీళ్లు ఇగిరిపోతే బురదలో దిగి, గాలి పీల్చుకుంటూ రోజులు గడుపుతాయి. అవసరమైతే తడి నేల మీద పాకి పక్క గుంటకు చేరతాయి. ఇన్ని ఉపాయాలున్న చేపకు ఒక్కటే బలహీనత. పిల్లల గుంపు తేలిన చోట గాలం వేస్తే తల్లో తండ్రో దొరుకుతుందని అందరికీ తెలుసు.

చేపలు పట్టడం గంగపుత్రులకూ ముదిరాజులకూ తరాల బతుకుతెరువు. విసురువల, గాలం, వెదురు బుట్టలు, లోతు తక్కువ నీటిలో చేతిపట్టు వీరి సాధనాలు. చెరువు శిఖంలో నీరు తగ్గేకొద్దీ వేట పెరుగుతుంది. ఆపై మృగశిర కార్తె వస్తుంది. జూన్ 7, 8 తేదీల్లో తెలంగాణ ఇళ్లలో చేప తినాలన్నది ఆచారం. అదే రోజుల్లో హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికి కొర్రమీను పిల్లలే కావాలి. చేప కడుపులో గుడ్లు నిండే రోజులూ, చేపకు గిరాకీ నెత్తికెక్కే రోజులూ ఒక్కటే కావడం ఈ ఆచారంలో ఉన్న చిక్కు. నాటు చేపల సంగతి మాట్లాడేవాళ్లు దీన్ని అంతగా పట్టించుకోలేదు.

శాస్త్రానికి ఈ చేపలు తెలిసిన తీరు దూరపు కథ. తరంగంబాడి మిషనరీ క్రిస్టోఫ్ శామ్యూల్ జాన్ పంపిన నమూనాలు దక్షిణ భారత చేపలను బెర్లిన్‌లోని మార్కుస్ ఎలీజెర్ బ్లాఖ్ దగ్గరికి చేర్చాయి. కొర్రమీనుకు 1793లో శాస్త్రీయ నామం పెట్టింది బ్లాఖే. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మా మంచినీటి చేపల మీద నివేదిక ఇచ్చాడు. వరి మళ్లలో, కాలువల్లో బుట్టలు పెట్టి చిట్టి చేపల్ని ఊడ్చేస్తున్నారని అందులో గోల పెట్టాడు. ఆ చర్చల ఫలితమే 1897 నాటి భారత మత్స్య చట్టం. నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం దాని ప్రకారం నేరం. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కనుక ఆ చట్టం వరంగల్ చెరువులకు నేరుగా వర్తించలేదు. 1940వ దశకంలో ఎం. రహీముల్లా, ఎస్. మహమూద్ హైదరాబాద్ రాష్ట్ర చేపల సర్వేను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా ప్రచురించారు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక జంతుశాస్త్ర విభాగం వారు చుట్టుపక్కల చెరువుల నీటినీ, చేప జాతులనూ, చేపల్లో ఉండే పరాన్నజీవులనూ అధ్యయనం చేస్తూ వచ్చారు.

చెరువు చేప స్వభావాన్ని మార్చిన తేదీ మాత్రం ఒకటుంది: 1957 జూలై 10. ఆ రోజు ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదురి చేప పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించాడు. బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, పారే వరద కావాలి. అప్పటిదాకా వాటి పిల్లల కోసం నదుల వైపు చూడాల్సిందే. సూది మందుతో ఆ అవసరం తీరింది. హేచరీలు పుట్టాయి. విదేశీ రకాలూ అదే కాలంలో వచ్చి చేరాయి: తిలాపియా 1952లో, బ్యాంకాక్ రకం కామన్ కార్ప్ 1957లో, గడ్డి చేప, వెండి చేప 1959లో. చేప అంటే నీటిలో పుట్టేది కాదు, నీటిలో వదిలేది అన్న ఆలోచన ఈ కొద్ది ఏళ్లలోనే స్థిరపడింది.

ఈ ఆలోచనకు అవతలి ఒడ్డు అమెరికా కొండవాగుల్లో కనిపిస్తుంది. అక్కడ 19వ శతాబ్దం చివరి నుంచి హేచరీ ట్రౌట్‌ను నదుల్లో వదులుతూ వచ్చారు. అవి నాటు ట్రౌట్‌కు తిండిలో పోటీ అయ్యాయి. కొన్ని జాతులతో జత కట్టి కలగాపులగమయ్యాయి. మోంటానా రాష్ట్రం 1974లో ట్రౌట్ తనంతట తాను పెరిగే నదుల్లో హేచరీ పిల్లల్ని వదలడం మానేసింది. చేపలు తగ్గలేదు, పెరిగాయి. వరంగల్‌కు ఈ పాఠం యథాతథంగా పనికిరాదు. బొచ్చె, రవ్వ చెరువులో గుడ్లు పెట్టవు కనుక పిల్లల్ని వదలడం ఆపితే వేలాది మత్స్యకార కుటుంబాల కడుపు మాడుతుంది. పాఠంలో పనికొచ్చేది వేరే ఉంది. తనంతట తాను పెరిగే చేపకు చోటు మిగిల్చాలి.

తెలంగాణ ఏర్పడ్డాక రెండు పెద్ద పథకాలు చెరువుల మీద పడ్డాయి. 2015లో మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పూడిక తీసి కట్టలు బాగుచేసే పని మొదలుపెట్టింది. 2016–17 నుంచి ప్రభుత్వం చేప పిల్లల్ని ఉచితంగా ఇస్తోంది. పంపిణీలో ప్రధానంగా ఉన్నవి బొచ్చె, రవ్వ, మోసు, కామన్ కార్ప్. వానాకాలం నీటితో నిండి ఎండే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే పెద్ద జలాశయాలకు 80–100 మిల్లీమీటర్లవి. ఆదాయం విషయంలో ఈ పథకం మేలు చేసిందన్న దాంట్లో అనుమానం లేదు. రాష్ట్ర చేపగా గౌరవం పొందిన కొర్రమీనుకు మాత్రం ఈ పథకంలో పెద్ద పీట దొరకలేదు. అది మాంసాహారి, తోటి పిల్లల్నే తినేస్తుంది, పెంచడానికి ఖర్చెక్కువ. అంగట్లో ప్రాణంతో తొట్టిలో తిరుగుతూ మంచి ధర పలికేది కూడా అదే.

నీటి దారులు కూడా మారాయి. దేవాదుల ఎత్తిపోతల పథకం గంగారం దగ్గర గోదావరి నీళ్లెత్తి పైపుల మీదుగా ధర్మసాగర్ దాకా తెస్తోంది. ఒకప్పుడు వాననీరు నింపిన చెరువుకు ఇప్పుడు పంపుల నీరు వస్తోంది. పైపులో చేప ఎదురెక్కలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం లెక్కలో వాలుగ ముప్పుకు లోనయ్యే జాతి, మార్పు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. మార్పుకు దొంగచాటుగా పెంచే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌తో పోటీ కూడా ఉంది. దేశంలో దాని పెంపకం మీద నిషేధం ఉన్నా పూర్తిగా ఆగలేదు.

చేయదగిన పనులు కొత్తవి కావు. పూడిక తీసేటప్పుడు చెరువు మొత్తం గీకేయకుండా ఒక లోతు గుంటను, కొంత గడ్డి అంచును వదలాలి. మత్తడి కింద వాగు పూడిపోకుండా, ఆక్రమణకు గురికాకుండా చూడాలి. తొలకరి తర్వాత కొన్ని వారాలు ఒర్రెల్లో బుట్టలు పెట్టకుండా మత్స్యకార సంఘాలే కట్టుబాటు చేసుకోవాలి. కొర్రమీను పిల్లల గుంపు మీద గాలం వేయడం మానాలి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోని నీళ్లను చేపల రక్షిత ప్రాంతాలుగా కూడా చూడాలి. 1952 నుంచి అభయారణ్యంగా ఉన్న పాకాలలో అడవికి దొరికిన రక్షణ అక్కడి నీటిలోని చేపకు కూడా అందాలి.