ఆటతీరులో మార్పు - ప్రేక్షక వినోదం: హైదరాబాదు టెన్నిస్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వృత్తి టెన్నిస్‌లో ఆటతీరు మారిన ప్రతిసారీ పూర్వపు ఆటలోని ఆనందం ఇప్పుడు లేదనే మాట వినిపిస్తూనే ఉంది. 1990లలో ఈ ఆక్షేపణ మరీ పొట్టిగా ముగిసే పాయింట్ల మీద వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో మరీ దీర్ఘంగా సాగే ర్యాలీల మీద వచ్చింది. ఈ రెండు ఆక్షేపణలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వినోదం ఏ ఒక్క ఆటతీరుకూ సొంతం కాదని, భిన్నమైన ఆటతీరులు ఎదురుపడినప్పుడే అది పుడుతుందని తెలుస్తుంది. హైదరాబాదులో ఎదిగిన సానియా మీర్జా క్రీడాజీవితాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: టెన్నిస్, ఆటతీరు, ప్రేక్షకుడు, వినోదం, హైదరాబాదు, సానియా మీర్జా, డబుల్స్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులో క్రీడను చూసి ఆనందించే అలవాటుకు దీర్ఘ చరిత్ర ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, గుర్రప్పందేలు మౌలాలీ నుంచి మలక్‌పేటకు తరలివచ్చాయి. నేటికీ మలక్‌పేట అనగానే నగరవాసులకు మొదట గుర్తుకు వచ్చేవాటిలో ఆ పందేల మైదానం ఒకటి. చాదర్‌ఘాట్ వంతెన మీదుగా మూసీ దాటి కొద్ది కిలోమీటర్లు వెళితే ఫతేమైదాన్ వస్తుంది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న క్రీడాప్రాంగణం అక్కడే ఉంది.

ఈ రెండు మైదానాలలోని ప్రేక్షకులు ఒకే నగరానికి చెందినవారైనా వారు పొందే ఆనందం ఒకటి కాదు. పందెంలో ప్రధానమైనది ఫలితం. ఏ గుర్రం ముందు గీత దాటిందన్నదే అక్కడ ప్రశ్న, ఎలా పరుగెత్తిందన్నది అనుభవజ్ఞులకు మాత్రమే పట్టే విషయం. టెన్నిస్‌లో ఫలితం ముఖ్యమే అయినా, రెండు మూడు గంటలపాటు ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టేది పాయింటు గెలిచిన తీరు. కాబట్టి ఆటతీరులో వచ్చే మార్పు నేరుగా ప్రేక్షకుని అనుభవాన్ని తాకుతుంది. ఆ మార్పుకు కారణాలేమిటి, అది వినోదాన్ని నిజంగా తగ్గించిందా అన్నవి ఇక్కడి పరిశీలనాంశాలు.

2. పచ్చికపై నేర్పు:

1974 వరకు నాలుగు గ్రాండ్‌స్లామ్ పోటీలలో మూడు పచ్చిక కోర్టుల మీదే జరిగేవి. పచ్చికపై బంతి తక్కువ ఎత్తులో లేచి వేగంగా జారిపోతుంది. అందువల్ల సర్వీసు చేసి వెంటనే నెట్ దగ్గరకు దూసుకువెళ్లి, బంతి నేలను తాకకముందే వాలీతో పాయింటు ముగించడం లాభదాయకమైన పద్ధతి అయింది. దీనినే సర్వ్ అండ్ వాలీ అంటారు.

ఈ వాతావరణంలోనే భారతీయ టెన్నిస్ తనదైన ముద్ర వేసింది. రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరాలలో వరుసగా వింబుల్డన్ సెమీఫైనల్ చేరాడు. భారీ సర్వీసు అతని ఆయుధం కాదు. ప్రత్యర్థి బలాన్నే వాడుకుంటూ బంతిని సున్నితంగా, కచ్చితమైన చోట పెట్టడం అతని నేర్పు. అతని కుమారుడు రమేశ్ కృష్ణన్ 1986లో అదే పోటీలో క్వార్టర్ ఫైనల్ చేరినప్పుడు కూడా ఆ సున్నితత్వమే చర్చకు వచ్చింది. బలమైన సర్వీసు చేసేవారి మధ్య ఇలాంటి ఆటగాడు నిలిచినందువల్లనే అతని ఆట చూడముచ్చట అయింది. అందరూ కృష్ణన్ లాగే ఆడి ఉంటే ఆ సున్నితత్వం ఎవరికీ ప్రత్యేకంగా కనిపించేది కాదు.

3. రెండు విరుద్ధ ఆక్షేపణలు:

1980ల నాటికి చెక్క రాకెట్ల స్థానంలో గ్రాఫైట్ రాకెట్లు వచ్చాయి. తేలికైన, పెద్ద తలభాగం గల ఈ రాకెట్లు సర్వీసు వేగాన్ని పెంచాయి. 1994 వింబుల్డన్ ఫైనల్లో పీట్ సాంప్రాస్ 7-6, 7-6, 6-0 తేడాతో గొరాన్ ఇవానిసెవిచ్‌ను ఓడించాడు. ఇద్దరివీ తిరుగులేని సర్వీసులు కావడంతో ర్యాలీలు అరుదయ్యాయి. ఆటలో మిగిలింది సర్వీసు ఒక్కటేనన్న విమర్శ ఆ దశాబ్దంలో బలపడింది.

తరువాతి మార్పులు ఆటను ఎదురు దిశలో నడిపించాయి. 1997లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన గుస్తావో కుయెర్టెన్‌తో పాలియెస్టర్ తీగలకు ప్రాచుర్యం లభించింది. ఈ తీగలతో బంతిని ఎంత గట్టిగా కొట్టినా, దానికి కలిగే టాప్‌స్పిన్ వల్ల అది గీత లోపలే దిగుతుంది. నెట్ దగ్గర నిలబడినవాని పాదాల వద్దకు బంతిని దించడం సులువైంది. 2001లో వింబుల్డన్ నిర్వాహకులు కోర్టులను పూర్తిగా రై గడ్డితో వేయించారు. నేల గట్టిపడి బంతి మునుపటికన్నా ఎత్తుకు లేవసాగింది. 2002 ఫైనల్లో తలపడిన లేటన్ హెవిట్, డేవిడ్ నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ ఆటగాళ్లే. పచ్చికపై అటువంటి ఫైనల్ పదేళ్లకు ముందు ఊహకు అందనిది.

దీనితో ఆక్షేపణ తలకిందులైంది. అందరూ కోర్టు చివర నిలబడి ఒకే తీరున కొడుతున్నారని, ర్యాలీలకు అంతులేదని అనడం మొదలైంది. 2012 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ జొకోవిచ్, నడాల్ మధ్య 5 గంటల 53 నిమిషాలు సాగింది. దానిని అద్భుతమన్నవారూ ఉన్నారు, ఓర్పుకు పరీక్ష అన్నవారూ ఉన్నారు.

పొట్టి పాయింట్లూ విసుగు పుట్టించి, దీర్ఘమైన పాయింట్లూ విసుగు పుట్టిస్తే, లోపం పాయింటు నిడివిలో లేదనుకోవాలి. 1994 ఫైనల్లోనూ 2002 ఫైనల్లోనూ సమానంగా ఉన్నది ఒక్కటే. నెట్‌కు ఇరువైపులా ఒకే తీరు ఆట సాగింది. దీనికి భిన్నంగా 1980లో బోర్గ్, మెకెన్రో మధ్య, 2008లో ఫెదరర్, నడాల్ మధ్య జరిగిన వింబుల్డన్ ఫైనళ్లు నేటికీ చర్చలో ఉన్నాయి. మొదటిదానిలో బేస్‌లైన్ ఓర్పును నెట్ దూకుడు ఎదిరించింది. రెండవదానిలో కుడిచేతి ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌ను ఎడమచేతి నడాల్ టాప్‌స్పిన్ పరీక్షించింది.

తెలుగు పాఠకులకు పరిచితమైన అవధాన ప్రక్రియతో దీనిని పోల్చవచ్చు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి నిషేధిస్తాడు. అవధాని వెంటనే మరొక దారి వెదుక్కుంటాడు. అడ్డగించేవాని బుద్ధి, తప్పించుకునేవాని బుద్ధి వేరువేరు స్వభావాలు కలవి కావడమే సభకు ఆనందం. అవధాని ఎంత సమర్థుడైనా పృచ్ఛకుడు లేని అవధానం కేవలం పద్యపఠనం అవుతుంది.

4. సానియా మీర్జా - ఒక నిదర్శనం:

ఫతేమైదాన్ టెన్నిస్ ప్రాంగణం 2003 నుంచి 2005 వరకు డబ్ల్యూటీఏ స్థాయి హైదరాబాద్ ఓపెన్‌కు వేదిక అయింది. తొలి ఏడాది థాయిలాండ్‌కు చెందిన టమరిన్ తనసుగర్న్, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ సింగిల్స్ విజేతలు. 2005 ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్ల సానియా మీర్జా ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

ఆ సందర్భపు ఉత్సాహానికి సొంత ఊరి అమ్మాయి అన్న అభిమానమే కారణమని వాదించవచ్చు. ఆ వాదనలో సత్యం ఉంది. మొదటి రెండేళ్ల విజేతల పేర్లు ఇప్పుడు నగరంలో గుర్తున్నవారు అరుదు. అయితే అభిమానం ప్రేక్షకుణ్ణి మైదానానికి రప్పించగలదు గాని, అక్కడ అతడు పొందే ఉత్కంఠను అది ఒక్కటే కల్పించలేదు. సానియా ఆటలో ప్రధానమైనది ఫోర్‌హ్యాండ్. బంతికి ఎక్కువ స్పిన్ ఇవ్వకుండా, సమతలంగా, పూర్తి బలంతో కొట్టే దెబ్బ అది. అలా కొట్టిన బంతి నెట్‌ను కొద్ది ఎత్తులోనే దాటుతుంది కనుక తప్పు జరిగే అవకాశం అధికం. సర్వీసు ఆమె బలహీనత. అంటే ప్రతి పాయింటులోనూ గెలుపూ ఓటమీ ఆమె రాకెట్ మీదే ఆధారపడి ఉండేవి. సురక్షితమైన ఓర్పు ఆట రాజ్యమేలుతున్న కాలంలో ఈ సాహసం విలక్షణంగా నిలిచింది. అదే ఏడాది దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2 తేడాతో ఓడించినదీ, యూఎస్ ఓపెన్ నాలుగో రౌండులో మరియా షరపోవా చేతిలో 6-2, 6-1 తేడాతో ఓడినదీ ఈ ఆటతీరే.

ఈ తీరుకు శరీరం మూల్యం చెల్లించింది. 2007లో సింగిల్స్ ర్యాంకింగ్‌లో 27వ స్థానానికి చేరిన సానియాకు 2008లో మణికట్టు శస్త్రచికిత్స జరిగింది. గాయాల కారణంగా ఆమె కాలక్రమంలో సింగిల్స్‌ను విడిచి డబుల్స్‌కు పరిమితమైంది. ప్రేక్షకుని వినోదాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఆ వినోదానికి క్రీడాకారుల కీళ్లు, ఎముకలు ఇచ్చే వెలను లెక్కలోకి తీసుకోకపోవడం న్యాయం కాదు.

5. డబుల్స్‌లో వైవిధ్యం:

2015 మార్చిలో సానియా స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌తో జతకట్టింది. హింగిస్ ఆట బలంపై కాక కోణాలపై, నెట్ వద్ద చురుకుదనంపై, ముందుచూపుపై ఆధారపడినది. వెనుక నుంచి సానియా కొట్టిన దెబ్బకు ప్రత్యర్థి బలహీనంగా బదులిస్తే, ముందున్న హింగిస్ దానిని ఖాళీ స్థలంలోకి మళ్లించేది. సింగిల్స్‌లో నెట్‌కు రెండు వైపులా ఉండవలసిన వైవిధ్యం ఇక్కడ ఒకే జట్టులోకి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సానియా డబుల్స్ ర్యాంకింగ్‌లో ప్రథమ స్థానం పొందింది. వింబుల్డన్ ఫైనల్లో ఈ జంట చివరి సెట్‌లో 2-5తో వెనుకబడి కూడా 5-7, 7-6, 7-5 తేడాతో మకరోవా, వెస్నినా జంటను ఓడించింది. అనంతరం యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గెలిచింది. వరుసగా 41 మ్యాచ్‌లలో విజయం సాధించింది.

వాలీ, లాబ్, డ్రాప్ షాట్ వంటి నేర్పులు సింగిల్స్‌లో తగ్గుముఖం పట్టినా డబుల్స్‌లో సజీవంగా ఉన్నాయి. విచిత్రమేమంటే వైవిధ్యం ఉన్న ఈ విభాగానికే ప్రసారాలలోనూ పారితోషికంలోనూ తక్కువ వాటా దక్కుతోంది.

6. నిర్వాహకుల పరిష్కారాలు:

విసుగు అన్న ఫిర్యాదుకు నిర్వాహకులు ప్రధానంగా కాలాన్ని కుదించి సమాధానమిచ్చారు. 1970లో యూఎస్ ఓపెన్ టై బ్రేక్‌ను ప్రవేశపెట్టింది. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహుత్ మధ్య మ్యాచ్ మూడు రోజులలో 11 గంటల 5 నిమిషాలు సాగింది. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ చివరి సెట్‌లో పది పాయింట్ల టై బ్రేక్‌ను అనుసరిస్తున్నాయి. 2018 యూఎస్ ఓపెన్ ప్రధాన పోటీలలో సర్వీసుకు 25 సెకన్ల గడియారం వచ్చింది. ఇవి ఆటగాళ్ల అలసటను తగ్గించేవి, ప్రసారాలకు అనుకూలమైనవి. అయితే ఇవి మ్యాచ్ నిడివిని మార్చగలవే గాని ఆటతీరుల మధ్య భేదాన్ని సృష్టించలేవు. భేదాన్ని నిర్ణయించేవి కోర్టు నేల, బంతి, తీగలు, శిక్షణ. వేగంలో కోర్టులన్నీ ఒకదానికొకటి దగ్గరైతే, బాల్యం నుంచే ఒకే సురక్షితమైన ఆట నేర్పడం శిక్షకులకు లాభసాటి అవుతుంది.

7. ముగింపు:

పై పరిశీలనను బట్టి కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. ఆటతీరు మారడం వల్ల వినోదం నశించదు, ఒకే ఆటతీరు మిగిలినప్పుడు క్షీణిస్తుంది. స్థానికాభిమానం ప్రేక్షకుణ్ణి తీసుకువస్తుంది, ఆటలోని సాహసం అతణ్ణి నిలుపుతుంది. నియమాల సవరణకన్నా కోర్టుల వైవిధ్యాన్ని కాపాడడం, డబుల్స్‌కు తగిన స్థానం ఇవ్వడం ఎక్కువ ప్రయోజనకరం.

2005 తరువాత ఆ డబ్ల్యూటీఏ పోటీ బెంగళూరుకు తరలిపోయింది. ప్రపంచస్థాయి ఆటతీరులను కళ్లెదుట పోల్చి చూసుకునే అవకాశం నగరంలోని పిల్లలకు దూరమైంది. 2023 మార్చి 5న లాల్ బహదూర్ స్టేడియంలో సానియా వీడ్కోలు ప్రదర్శన మ్యాచ్‌లు జరిగాయి. వాటి ఫలితం ఏ ర్యాంకింగ్‌నూ మార్చేది కాదు. ఎవరు గెలిచినా ఒకటే అయినచోట ప్రేక్షకులు చూడడానికి వచ్చింది ఆమెను, ఆమె ఆటను. మలక్‌పేట పందేల మైదానంలో ఫలితం లేని పరుగుకు అర్థం లేదు. టెన్నిస్ కోర్టులో ఫలితం లేని ఆటకూ అర్థం ఉందని ఆ రోజు నిరూపితమైంది.