దీపమునకు కవచము

పూర్వము దీపమునకు గాలి శత్రువు. నేటి టార్చిలైటునకు గాలి భయము లేదు. దాని శత్రువులు తడి, దెబ్బ, వేడి. ఖమ్మము, భద్రాచలముల నడుమ అటవీసీమలో ఈ మూడింటికిని కొదువ లేదు. 1986 ఆగస్టులో భద్రాచలము కడ గోదావరి 75.6 అడుగుల మట్టమునకు పొంగెను. అట్టి రాత్రులలో చేతిదీపము వెలుగుటయు, వెలుగకుండుటయు ప్రాణములతో ముడిపడిన సంగతి.

దీపము లోపలి సున్నితమైన భాగముల చుట్టు ఖాళీ లేకుండ పోసి, బిగియనిచ్చు పదార్థమును ఇంగ్లీషులో పాటింగ్ కాంపౌండ్ అందురు. మేము దానిని పోతముద్ద యందుము. పేరు క్రొత్తదైనను ఆలోచన పాతదే.

ఈ అడవులలో తపసి చెట్టు బంక నిచ్చును. మోదుగు వంటి చెట్ల కొమ్మలపై లక్కపురుగు లక్కను కట్టును. బంక నీటిలో ఉబ్బును. లక్క నీటికి లొంగదు, నిప్పునకు లొంగును. లాక్షాగృహము గతి మన మెరిగినదే. కత్తి తోకను పిడిలో లక్కతో బిగించు పనివాడు ఈ గుణమునే వాడుకొనెను. ఏ పదార్థము దేనికి ఓర్చును, దేనికి లొంగును? ఎంపికకు నేటికిని ఇవియే మూలప్రశ్నలు.

1880ల చివర జర్మనీలో గాస్నర్ పొడి బ్యాటరీని రూపొందించెను. 1899లో అమెరికాలో మిసెల్ అనునతనికి చేతిదీపముపై పేటెంటు లభించెను. ఆ బ్యాటరీల నోటిని తారు వంటి నల్లని ముద్దతో మూసెడివారు. పాత బ్యాటరీని పగులగొట్టిన పిల్లలు దానిని చూచియే యుందురు. లక్కకు బదులు వెదకుచు బేక్‌లాండ్ 1907లో బేకలైటును కనుగొనెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఎపాక్సీ రెసిన్లు వాడుకలోనికి వచ్చెను.

ఇక మన సీమకే వత్తము. ఇల్లెందులో 1889లో బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. గనిలో మండు వాయువు చేరిన చోట దీపమే మృత్యువు కాగలదు. 1815లో ఇంగ్లండులో డేవీ జ్వాల చుట్టు సన్నని తీగవలను చుట్టెను. టోపీపై విద్యుద్దీపము వచ్చిన పిదప నిప్పురవ్వ భయము మిగిలెను. విద్యుత్ భాగములను రెసిన్‌లో పూడ్చి, రవ్వకు వాయువు తగులకుండ చేయుట నేడు అంగీకృతమైన రక్షణ పద్ధతులలో నొకటి. అచ్చట కవచము దీపమునే కాదు, దీపము నుండి మనుష్యుని కూడ కాపాడును.

నేటి ఎల్.ఇ.డి. టార్చిలో చిన్న విద్యుద్వలయ ముండును. దానికేది తగును? ఎపాక్సీ రాతివలె బిగియును, గట్టిగ అంటుకొనును, దెబ్బ కోర్చును. కాని గట్టిపడునపుడు కొంత కుదించుకొనును. వేడికి లోహ మొక తీరున, అది వేరొక తీరున వ్యాకోచించుటచే సన్నని అతుకులు తెగవచ్చును. ఒకసారి పోసిన పిదప మరమ్మతు కష్టము. సిలికోన్ మెత్తన. వేడిని, చలిని బాగుగ సహించును, కాని నీటియావిరిని కొంత లోనికి పోనిచ్చును. వెనిగర్ వాసనగల రకము రాగిని తినివేయును గనుక పనికిరాదు. పాలీయురిథేన్ ఈ రెంటికి నడుమ నిలుచును. ఎల్.ఇ.డి. వేడి బయటికి పోవలెను గనుక, అల్యూమినా పొడి వంటిది కలిపి ఉష్ణమును మోయగల ముద్దను ఎన్నుకొనుట మేలు.

ఏది పోసినను ముందు తడి ఆరవలెను, మురికి పోవలెను, బుడగలు నిలువరాదు. లిథియం బ్యాటరీని మాత్రము పూడ్చరాదు; చెడినపుడు దాని వాయువు వెలువడుటకు దారి యుండవలెను. గనిదీపమును ఇంటిలో విప్పుట అసలే కూడదు.

గట్టిదనమే బలమని తలచుట సహజము. ఏ శత్రువు నెదుర్కొనవలెనో తెలిసికొని, దానికి తగినంత గట్టిదనము, తగినంత మెత్తదనము గల కవచమును ఎన్నుకొనుటయే వివేకమని మా యభిప్రాయము.