చివరి రెండు అక్షరాలు

1837 మే నెల. కలకత్తాలో, హుగ్లీ ఒడ్డున, టంకశాల ముందు నిలబడి ఉన్నాం. ముఖద్వారానికి గ్రీకు గుళ్ల తరహాలో లావుపాటి స్తంభాలు. లోపలికి అడుగు పెట్టగానే కొలిముల సెగ మొహానికి కొడుతుంది. మూసల్లో వెండి కరుగుతోంది. బయట ఎండ, లోపల నిప్పు. పైన పంకా ఊగుతోంది గానీ అది తోసేది ఉక్కగాలినే.

ఇక్కడ వెండి నాణ్యం తేల్చే అధికారి జేమ్స్ ప్రిన్సెప్. 37 ఏళ్లవాడు. 1819లో, తన ఇరవయ్యో ఏట ఈ దేశంలో దిగాడు. బెనారస్ టంకశాలలో పదేళ్లు పనిచేశాడు. ఒక గ్రెయిను బరువులో వెయ్యింట మూడు వంతుల తేడాను కూడా పట్టే త్రాసును స్వయంగా తయారుచేశాడు. పగలంతా రూపాయి వెండిలో కల్తీ ఎంతో తూచి చెప్పడం అతని ఉద్యోగం. అది అయ్యాక ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శిగా రెండో ఉద్యోగం మొదలవుతుంది. సొసైటీ పత్రికకు సంపాదకుడూ అతనే. శాసనాల బొమ్మలు లితో రాయి మీదికి ఎక్కించే పని కూడా చాలాసార్లు అతనిదే.

రండి, ఆ బల్ల దగ్గరికి వెళదాం.

బల్ల మీద జాగా లేదు. అన్నిటికన్నా పెద్ద చుట్ట ఢిల్లీ నుంచి వచ్చింది. అది ఫిరోజ్‌షా కోట్ల అనే పాత కోటలో నిలబడి ఉన్న నునుపైన రాతిస్తంభం మీది రాతకు నకలు. దాదాపు 13 మీటర్ల ఏకశిల అది. 14వ శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ దాన్ని తోప్రా ఊరి నుంచి పెకలించి, దూదిలోనూ రెల్లులోనూ చుట్టించి, 42 చక్రాల బండి మీద యమున దాకా లాగించి, పడవల మీద ఢిల్లీ చేర్చాడు. తెచ్చాక పండితులను పిలిపించి చదవమన్నాడు. ఒక్కరికీ ఒక్క ముక్క బోధపడలేదు. మరో రెండున్నర శతాబ్దాలకు థామస్ కోర్యాట్ అనే ఇంగ్లీషు బాటసారి వచ్చి చూసి, ఇది గ్రీకు అయి ఉంటుంది, అలెగ్జాండర్ వేయించి ఉంటాడు అనుకున్నాడు. రాసిన వారి మనవలూ మునిమనవలూ తిరుగుతున్న నేల మీదే ఆ రాత అనాథగా నిలబడి ఉంది.

ఇప్పుడు ఆ నకలు మీదికి వంగి చూడండి. కూడిక గుర్తు ఒకటి కనిపిస్తుంది. దాని పక్కన తలకిందులు చేసిన ఇంగ్లీషు 'వి'. ఒక వృత్తం. నడుమ చుక్క పెట్టిన మరో వృత్తం. అడ్డగీత మీద నిటారుగా నిలబడిన నిలువుగీత. తలకట్టు లేదు, వంపుల అల్లిక లేదు. ఉలి పట్టినవాడికి సులువుగా తెగే గీతలు. వీటిలో మనకు తెలిసినదంటూ ఏదీ లేదనిపిస్తుంది. కానీ తెలుసు. ఆ కూడిక గుర్తు మన 'క'. తలకిందులైన 'వి' మన 'గ'. నెత్తిన తలకట్టు పెట్టి చూడండి, ఇవాళ్టి 'గ' దాదాపు అలాగే ఉంటుంది. నడుమ చుక్క ఉన్న వృత్తం 'థ'. ఆ చుక్కను మనం ఇప్పటికీ వదల్లేదు. అయితే 1837 మే నెలలో ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఇదేదీ తెలియదు.

ప్రిన్సెప్ చేతికింద ఉన్న ఈ పాత కాగితం మూడేళ్ల కిందటిది, 1834 నాటిది. నా మటుకు ఈ కథలో అసలైన గొప్ప పని ఇదే. చాలామంది దీన్ని దాటేసి, తర్వాత వచ్చే మెరుపు దగ్గరికి పరుగెత్తుతారు. అర్థం గురించి ఆలోచించడం పూర్తిగా పక్కనపెట్టి, ప్రిన్సెప్ అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీశాడు. ఒకే బొమ్మకు ఎన్ని రూపాలున్నాయో వరసగా పేర్చుకుంటూ పోయాడు. కూడిక గుర్తు ఒకచోట ఒట్టిగా ఉంది. మరోచోట దాని పైన చిన్న గీత, ఇంకోచోట కింద, మరోచోట పక్కన. ప్రతి బొమ్మకూ ఇలాగే ఐదు రకాల చేర్పులు కనిపించాయి. నిలువు వరసలో బొమ్మలు, అడ్డ వరసలో చేర్పులు పెట్టి పట్టిక గీశాడు. ఇప్పుడు మీరు ఆ పట్టికను చూస్తే చటుక్కున గుర్తుపడతారు. పలక పట్టిన ఏ తెలుగు పిల్లవాడైనా గుర్తుపడతాడు. అది గుణింతం. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం. ఏ అక్షరానికి ఏ ధ్వనో తెలియకుండానే ఆ రాతకు గుణింతం ఉందని అతను తేల్చేశాడు. దాంతో ఇది గ్రీకు కాదని, మన భాషలు రాసుకునే పద్ధతికే చెందిందని స్థిరపడింది.

ఆ ఏడాదే ఇంకో సంగతి బయటపడింది. ఢిల్లీ నకలునూ, అలహాబాద్ స్తంభం నకలునూ, నేపాల్‌లోని బ్రిటిష్ అధికారి హాడ్జ్‌సన్ పంపిన బెతియా ప్రాంతపు స్తంభం నకలునూ పక్కపక్కన పరిచి పోల్చాడు. మూడింటా ఉన్నది ఒకే పాఠం! వందల మైళ్ల దూరంలో ఉన్న మూడు రాళ్లు ఒకే మాట చెబుతున్నాయి. ఏమి చెబుతున్నాయో మాత్రం తెలియదు.

అలహాబాద్ స్తంభాన్ని కాసేపు చూద్దాం. ఒకే రాతి మీద వేర్వేరు కాలాల చేతులున్నాయి. జహంగీరు పర్షియన్‌లో చెక్కించిన వంశావళి ఉంది, దాన్ని చదవగలరు. సముద్రగుప్తుడి విజయాలను చెప్పే సంస్కృత శాసనం ఉంది, అదీ 1834 నాటికి పండితుల సాయంతో వెలుగులోకి వచ్చింది. గుప్తుల నాటి లిపి నుంచి ఇవాళ్టి నాగరి దాకా మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లన్నిటికీ కింద, అన్నిటికన్నా పాతదైన ఈ రాత ఉంది. పైమెట్టు నుంచి దాని మీదికి దిగడానికి అంచు దొరకడం లేదు.

కష్టం ఎక్కడుందంటే, అందరూ ఇది సంస్కృతం అయి ఉంటుందని చూస్తున్నారు. సంస్కృతం అయితే సంయుక్తాక్షరాలు కుప్పలుగా ఉండాలి. ఇక్కడ ఒత్తులు అరుదు. పైగా పాఠం పొడుగు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది రాజు పేరో, ఏది ఊరి పేరో చెప్పే ఆనవాలు లేదు.

ఇంతలో ఈ కట్ట వచ్చింది. సాంచి నుంచి. కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇంజనీరు పంపాడు. భోపాల్ దగ్గరి ఆ పెద్ద స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీదా, తోరణాల మీదా కనిపించిన రాతలకు గుడ్డ మీదా కాగితం మీదా అచ్చులు తీసి పంపాడు. వీటిలో పెద్ద శాసనాలతో పాటు చిన్న చిన్న పంక్తులు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడు. కంచె స్తంభం మీద ఒకటి, అడ్డకమ్మీ మీద ఒకటి, నేల పలక మీద ఒకటి. రాజశాసనం కోసం చూసేవాడికి ఇవి చిల్లర రాతలు.

ప్రిన్సెప్ వాటిని పత్రికలో వేయడానికి ఒక పుటలో సర్దుతున్నాడు. నకలు దిద్దుతూ ఒక పంక్తి అయ్యాక మరో పంక్తి వేస్తున్నాడు. చేయి అదే గీత మళ్లీ గీస్తోంది. మళ్లీ. వంగిన గీతకు దీర్ఘం, అడ్డగీత మీద నిలువుగీత, పక్కన చుక్క. ఆగాడు. పైకి వెళ్లి మొదటి పంక్తి చివర చూశాడు. అవే. రెండో దాని చివరా అవే. వరసగా అన్నిటి చివరా అవే రెండు అక్షరాలు.

వేర్వేరు రాళ్ల మీద, వేర్వేరు చేతులు చెక్కిన పొట్టి రాతలన్నీ ఒకే మాటతో ఎందుకు ముగుస్తాయి? చనిపోయినవారి పేర్లయి ఉండవచ్చు. కానీ ఇది గుడి లాంటి చోటు. బర్మా పగోడాల చుట్టూ భక్తులు తలా ఒక స్తంభం, తలా ఒక ధ్వజం సమర్పించుకోవడం అతను విని ఉన్నాడు. భక్తుడు రాయి ఇస్తే దాని మీద ఏం రాయించుకుంటాడు? తన పేరు రాయించుకుంటాడు. ఆ తర్వాత?

దానం.

మొదటిది దీర్ఘంతో 'దా'. రెండోది 'న'. చుక్క సున్న. 'దానం'.

ఆ మాటకు ముందు చాలా పంక్తుల్లో ఇంకో అక్షరం ఉంది. కొద్ది రోజుల కిందటే సౌరాష్ట్ర క్షత్రపుల వెండి నాణేలు చదివాడు. వాటి మీద రాజు పేరు చివర వచ్చిన 'స' ఫలానావాడి అని చెప్పే విభక్తి. ఇక్కడా అదే స్థానం, అదే పని. అంటే ఇది 'స'. ఫలానావారి దానం. వాక్యం తయారైంది. ఇక పేర్లు విప్పుకోవడమే మిగిలింది. 'ఇసపాలితస చ సమనస చ దానం.' ఇసపాలితుడూ సమనుడూ కలిసి ఇచ్చిన దానం. రెండు 'చ'లు దొరికాయి, 'ప' దొరికింది, 'ల' దొరికింది, 'మ' దొరికింది. గుణింతం పట్టిక మూడేళ్లుగా సిద్ధంగా ఉంది కాబట్టి ఒక అక్షరం దొరికితే దాని వరసంతా దొరికినట్టే. నిమిషాల్లో అక్షరమాల మొత్తం చేతికొచ్చిందని అతనే రాసుకున్నాడు. అంత తొందరగా రావడానికి 1834 నాటి ఓపికే కారణం.

ఇప్పుడు ఢిల్లీ చుట్ట విప్పుతున్నాడు. దాన్ని అంచుల మీద బరువులు పెట్టి పరిచారు. స్తంభం మీద అంశం మారిన ప్రతిచోటా మొదలయ్యే మాటలు ఒకటే. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవాలి. 'దేవానంపియే పియదసి లాజ హేవం ఆహా.'

లాజ? రాజ అని ఉండాలి కదా? ఇది మగధ వైపు పలుకుబడి. అక్కడ అప్పట్లో 'ర' నాలుక మీద 'ల' అయిపోయేది. ఇది సంస్కృతం కాదు, జనం మాట్లాడిన ప్రాకృతం. దేవతలకు ప్రియుడైన పియదసి రాజు ఇలా అంటున్నాడు. ఫిరోజ్‌షా పండితులకు చిక్కని వాక్యం ఇదే.

గదిలో ప్రిన్సెప్ ఒంటరిగా లేడు. ఈ వారాల్లో అతని పక్కన ఇద్దరిని మనం చూడాలి. ఒకరు కమలాకాంత విద్యాలంకార్, సొసైటీ పండితుడు, పాత సంస్కృత శాసనాల్లో ఆరితేరినవాడు. రెండోవారు సింహళానికి చెందిన రత్నపాల, పాళీ వచ్చినవాడు. ధ్వని దొరకగానే అర్థం దొరకదు. పాళీ తెలిసిన ఆ మనిషి లేకపోతే ఈ ప్రాకృతం ఇంత త్వరగా కదిలేది కాదు. ఇంతటి పనిలో వారి వాటాను చాలా పుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెట్టేయడం నాకు బాధ కలిగిస్తుంది.

పంక్తి వెంట పంక్తి తెరుచుకుంటోంది. యుద్ధాల జాబితా వస్తుందేమో అని మనం చెవులు రిక్కించి వింటున్నాం. వచ్చింది వేరు. బాటల పక్కన మర్రిచెట్లు నాటించాను, మామిడితోపులు పెంచాను, బావులు తవ్వించాను అంటున్నాడు. మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువు అంటున్నాడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు, ఫలానా ప్రాణులను చంపరాదని వరసగా పేర్లు చెబుతున్నాడు. ఆ వరస చిలుకతో, గోరింకతో మొదలవుతుంది.

ఈ పియదసి ఎవరు? మొదట ప్రిన్సెప్ సింహళ రాజు అనుకున్నాడు. సింహళంలో పనిచేస్తున్న జార్జ్ టర్నర్ దీపవంశం అనే పాళీ చరిత్ర గ్రంథం వెతికి, పియదసి అంటే చంద్రగుప్తుడి మనవడు అశోకుడని కొద్ది కాలానికే తేల్చాడు. రాతి మీద 'అశోక' అన్న పేరే కనిపించడానికి మాత్రం 1915 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటి నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా మస్కిలో, బంగారు గనుల ఇంజనీరు బీడన్ కంట ఆ శాసనం పడింది.

ప్రిన్సెప్‌కు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. గిర్నార్, ధౌలిలలోని అశోకుడి శాసనాల మీద పడి మరో ఏడాదిన్నర ఊపిరి తీసుకోకుండా పనిచేశాడు. తలనొప్పులు మొదలయ్యాయి. 1838 చివర్లో ఓడ ఎక్కించారు. 1840 ఏప్రిల్ 22న లండన్‌లో, 40 ఏళ్ల వయసులో పోయాడు.

మనం మాత్రం సాంచికి ఒకసారి వెళ్లాలి. దక్షిణ తోరణం కింద నిలబడి తల ఎత్తితే, పైన చెక్కిన స్తూపం బొమ్మ మీద ఒక రాత ఉంది. సాతకణి రాజు దగ్గరి శిల్పులకు పెద్ద, వాసిఠీపుతుడైన ఆనందుడు ఇచ్చిన దానం. శాతవాహనుల పనివాడు! అదే తోరణం మీద విదిశ దంతపు పనివాళ్లు ఈ చెక్కడం మేము చేశామని రాసుకున్నారు. కంచె చుట్టూ నడుస్తూ చదువుకోండి. భిక్షుణులు, వర్తకులు, గృహిణులు. ఒక్కొక్కరికీ ఒక రాయి, ఒక పేరు. చక్రవర్తి పొడుగాటి మాట పలకకుండా ఉండిపోతే, దానికి తాళంచెవి వీళ్ల దగ్గర దొరికింది. వీళ్లు ఇచ్చింది రాయి. రెండు వేల ఏళ్లకు అందింది అక్షరమాల.

అదే తాళంచెవితో కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం పలకలూ తెరుచుకున్నాయి. అక్కడి లిపి అశోకుడి గీతల కన్నా కాస్త వంపు తిరిగి ఉంటుంది, మన గుండ్రదనానికి దారి తీస్తున్నట్టు. వాటిలో ఒక పలక మీద పూర్ణఘటం చెక్కి ఉంది. దాన్ని ఇచ్చినవాడు విధికుడు, నాగ ఉపాధ్యాయుడి కొడుకు. వృత్తి చర్మకారుడు. ఒక్కడే ఇచ్చినట్టు రాయించుకోలేదు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు నాగుడు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు, అందరినీ ఆ రాతి మీద తన పేరు పక్కన నిలబెట్టాడు.